అరకు బడుల్లో సూర్యుడి బొమ్మ

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి స్పెక్ట్రోస్కోపుతో సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల్ని పరిశీలించాడు. వాటి వర్ణపట గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ చూడగలిగాడు. సూర్యుణ్ని ఒకే రంగు గీతలో బొమ్మ తీసే స్పెక్ట్రోహీలియోగ్రాఫుకు మూలం ఆ చూపే. సన్నని చీలిక గుండా సూర్యబింబంలో ఒక్క పోగునే రానిచ్చి, గ్రేటింగ్‌తో వెలుగును విడదీసి, 656.3 నానోమీటర్ల దగ్గరి హైడ్రోజన్ ఎర్రగీతను ఏరుకుంటారు. టెలిస్కోపును కదపకపోతే భూభ్రమణం వల్ల బింబం రెండు నిమిషాల్లో చీలికను దాటిపోతుంది. వీడియోలో ఒక్కో ఫ్రేము నుంచి ఒక్కో పోగు తీసి కంప్యూటరు పక్కపక్కన చేరిస్తే బొమ్మ తయారు. క్రిస్టియన్ బ్యూయిల్ రూపొందించిన సోలెక్స్ నమూనా పుణ్యమా అని ఈ పరికరాన్ని త్రీడీ ప్రింటరుతో ఇంట్లోనే చేసుకోవచ్చు.

అరకు లోయలోని గిరిజన ఆశ్రమ పాఠశాలలకు ఇది అందాలని మా వాదన. పొగమంచు మాటేమిటంటారా? నిజమే, నేల వేడెక్కక ముందు గాలి నిలకడగా ఉండే మంచి వేళను శీతాకాలంలో అదే మింగేస్తుంది. వానాకాలం సంగతి సరేసరి. మంచు విడిచాక తీసిన బొమ్మ కాస్త మసకబారినా, జ్వాలలూ నల్లని తంతువులూ కనిపిస్తాయి. శ్రీహరికోట నుంచి 2023లో వెళ్లిన సూర్య పరిశీలన నౌక ఆదిత్య ఎల్-1 ఉండగా ఇదెందుకని మరో ప్రశ్న. దాని సూట్ టెలిస్కోపు చూసేది అతినీలలోహిత కాంతిని. హైడ్రోజన్ ఎర్రగీత దాని పరిధిలో లేదు. అయినా అసలు సంగతి పోటీ కాదు. తయారైన ఫొటో చూసిన పిల్లకు ఆ గీత ఎక్కడిదో తెలియదు, చీలికను తన చేత్తో సరిచేసిన పిల్లకు తెలుస్తుంది. గ్రేటింగ్, కెమెరా, చిన్న టెలిస్కోపు కొనడం ఒక్క బడికి భారమే. మండలానికి ఒకటి చాలు. పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఆలోచించాలి.