చీరె నేరమైన చోట బొంతే జెండా

ప్రైడ్ అనేది హైదరాబాద్ ఇంగ్లీషు పిల్లల సరదా, ఎడపల్లికీ బోధన్‌కూ దానితో ఏం పని అని అడిగేవాళ్లున్నారు. వాళ్లకు ఒక చట్టం గుర్తుచేయాలి.

నిజాం రాజ్యంలో 1919లో యూనక్స్ యాక్ట్ వచ్చింది. హైదరాబాద్ నగరంలోనూ, సర్కారు తలచుకుంటే ఇంకే ఊళ్లోనైనా, అనుమానం మీదనే హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించొచ్చు. అట్లా పేరెక్కిన మనిషి ఆడబట్టలతో, నగలతో వీధిలో కనపడితే వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయిండు, రాష్ట్రాలు మారినయి, చట్టం మాత్రం పోలేదు. వైజయంతి వసంత మొగ్లి వంటివాళ్లు కోర్టుకెక్కితే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నూరేళ్లకు పైగా ఈ నేల మీద ఒంటి మీది చీరెను నేరంగా చూసిన చట్టం బతికే ఉంది. ఇక ప్రైడ్ పరాయిదెట్లయితది?

అందుకే పాత చీరెలు, టైలర్ దుకాణంలో మిగిలిన పీలికలు కలిపి క్వియర్ బొమ్మలు కుడితే, దాన్ని బళ్లో పిల్లలు చేసే చెత్తతో అలంకరణల లెక్కన చూడొద్దు. కాన్వాసు మీద రంగు పూస్తే కళ, అదే గుడ్డలో సూది దిగితే ఆడోళ్ల కాలక్షేపం అనే తూకం ఎవరు పెట్టారు? 1987 అక్టోబరులో వాషింగ్టన్ మైదానంలో ఎయిడ్స్ బొంత పరిచారు. 1,920 ముక్కలు, ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. దాదాపు ఒక సమాధి కొలత. చనిపోయినవాళ్ల బట్టలు కూడా అందులో కుట్టారు. ప్రభుత్వం లెక్కచేయని చావులను స్నేహితులూ అయినవాళ్లూ సూదితో లెక్కపెట్టారు.

ప్రైడ్ అంటే దుకాణంలో కొన్న నైలాను జెండానే అనుకునే మన మిత్రులకూ ఒక మాట. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్, ఆయన తోటివాళ్లు తొలి ఇంద్రధనుస్సు జెండాకు నూలుగుడ్డను చేత్తో అద్దారు. ఎనిమిది చారలు. తర్వాత ముదురు గులాబి గుడ్డ దొరక్క ఆ చార తీసేశారు. దొరికిన గుడ్డను బట్టి మారిన జెండా అది. మనకు దొరికే గుడ్డతో మనం కుట్టుకుంటే తప్పేంది?

బొంతతో ఇల్లు రాదు, పింఛను రాదు, కొలువు రాదు అంటారు. నిజమే, వాటికోసం కొట్లాడాల్సిందే. అయితే కోర్టు చట్టాన్ని కొట్టేయగలదు గానీ, వాకిట్లో చూపును మార్చలేదు.

మన ఇళ్లలో బొంత ఎట్లా కుడతారో అందరికీ తెలుసు. అమ్మమ్మ చీరె, నాయిన ధోతి, పిల్లల అంగీలు పొరలుగా పరిచి దారం పోస్తారు. ఇంటిల్లిపాది అందులో ఉంటారు, ఇంట్లోంచి ఎల్లగొట్టిన బిడ్డ తప్ప. ఆ బిడ్డ కట్టిన చీరె ముక్కను కూడా అందులో కలపండి. కలిపి, దండెం మీద నలుగురికీ కనపడేటట్టు ఆరేయండి.