కొలిచి తీసుకున్నారు, ఆ తర్వాత?

ఫైర్‌మన్ ఉద్యోగానికి వచ్చిన కుర్రాణ్ణి ఎంత నిక్కచ్చిగా కొలుస్తారో చూడండి. ఎత్తు ఒక్క సెంటీమీటరు తగ్గితే ఇంటికి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ చాలినంత విచ్చుకోకపోయినా ఇంటికే. పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ అన్నీ దాటినవాడికే ఖాకీ చొక్కా. అంత ఏరి తెచ్చుకున్న దేహాన్ని స్టేషన్లో చేరిన తర్వాత పట్టించుకునే నాథుడెవరు? బండికి లాగ్‌బుక్ ఉంది. పంపు సరిగ్గా పనిచేస్తోందో లేదో తిప్పి చూడాల్సిందే. ఆ పంపు నీటిని మంటల దాకా మోసుకుపోయే మనిషి గుండె ఎలా ఉందో రాసే పుస్తకం ఎన్ని స్టేషన్లలో ఉంది?

2025 మే 18న 17 మందిని పొట్టన పెట్టుకున్న హైదరాబాద్ గుల్జార్ హౌస్ అగ్నిప్రమాదంలో, ఇంట్లోకి ఇరుకు దారిలో, పొగలో చొరబడింది వీళ్లే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీశాక విజయవాడ ఇళ్లలో బురద కడిగిందీ వీళ్లే. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో, పేలుడు సామగ్రి నింపుకుని తగలబడుతున్న ఫోర్ట్ స్టికీన్ ఓడను ఆర్పబోయి 66 మంది ప్రాణాలిచ్చారు. ఏటా ఆ తేదీన మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాల్లో పూలదండలకు కొదవ లేదు. బతికున్నవాడికి కసరత్తు చేసుకునే గంట మాత్రం దొరకదు!

పొట్ట పెరిగిన ఫైర్‌మన్‌ని చూసి నవ్వేవాళ్లను అడుగుతున్నాను: ఆ పొట్ట బద్ధకంతో వచ్చిందా, కొలువుతో వచ్చిందా? బండి మీద ఉండాల్సినంత మంది ఉండరు. ఒకరు సెలవు పెడితే మరొకరు రెండు డ్యూటీలు మోయాలి. ఎండాకాలం గడ్డివాములు, దీపావళికి టపాకాయల దుకాణాల దగ్గర కాపలా, మంత్రిగారు దిగే హెలిప్యాడ్ దగ్గర పడిగాపులు. అర్ధరాత్రి లేచి తెల్లవారి తిరిగొచ్చినవాడు పరుగుకు పోతాడా, పడకకు పోతాడా? పోనీ ఓపిక చేసుకుని దండీలు తీశాడే అనుకుందాం. ఒళ్లు అలిసిన క్షణాన కాల్ వస్తేనో అన్న భయం ఉంటుంది. అది ఉత్తుత్తి భయం కాదు. పైగా పైఅధికారి కంటికి కసరత్తు చేసేవాడు ఖాళీగా ఉన్నవాడే! నిచ్చెన డ్రిల్లు, హోస్ డ్రిల్లు, సాయంత్రం వాలీబాల్‌తో కళకళలాడాల్సిన ఆవరణలో కొన్నిచోట్ల కండెమ్ చేసిన బండి తుప్పు పడుతోంది. జిమ్ అడిగితే నిధుల్లేవంటారు. వాలీబాల్ నెట్‌కు ఎంత నిధి కావాలండీ?

ఈ నిర్లక్ష్యం ఖరీదు ప్రాణం. సూటు, హెల్మెట్, బూట్లు, వీపున ఊపిరి అందించే బీఏ సెట్ కలిస్తే పాతిక కిలోలకు అటూ ఇటూ. ఆ బరువుతో, ఆ సెగలో మెట్లెక్కుతుంటే గుండె తన శక్తి అంచు దాకా పోతుంది. 2007లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, డ్యూటీలో చనిపోయిన అమెరికా ఫైర్‌ఫైటర్లలో 45 శాతం మందిని బలిగొన్నది గుండెజబ్బు. మంటలార్పే పనికి పట్టేది వాళ్ల పనివేళల్లో ఏ కొద్ది శాతమో. గుండెజబ్బు మరణాల్లో 32 శాతం జరిగింది ఆ కాసేపట్లోనే. అంతకు పదేళ్ల ముందే, 1997లో, అక్కడ ఉద్యోగ సంఘమూ అధికారుల సంఘమూ ఒక్కచోట కూర్చుని ఒప్పందానికి వచ్చాయి: వ్యాయామం డ్యూటీలో భాగం, పరీక్షలో వెనకబడ్డవాణ్ణి శిక్షించకూడదు, తిరిగి నిలబెట్టాలి. మన సంఘాలు, మన అధికారులు ఒక్క పూట అలా కూర్చోలేరా?

అయ్యా, అగ్నిమాపక సేవల ఆధునికీకరణకు 15వ ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం 5,000 కోట్లు కేటాయించింది. బండ్లు కొనండి, ఆకాశాన్నంటే నిచ్చెనలు కొనండి, కాదనం. ఆ నిచ్చెన ఎక్కేవాడి మాటేమిటి? ప్రతి షిఫ్టులో ఒక గంటను ఉత్తర్వు రాసి వ్యాయామానికి వదలండి. ఆ గంట కాల్ అందుకోవడానికి చాలినంత మందిని భర్తీ చేయండి. ఏడాదికోసారి గుండె పరీక్ష చేయించండి, ఫలితాన్ని ఉద్యోగానికి ముడిపెట్టకండి. ఇందులో మీరు ఇవ్వలేనిది ఏది?