తాళమేసి చెవి గుమ్మానికే తగిలించే పాఠాలు

గూగుల్ కోల్యాబ్ నోట్‌బుక్‌లోకి గిట్‌హబ్‌లో ఉన్న ప్రైవేటు రిపోని ఎలా తెచ్చుకోవాలి అని వెతికి చూడండి. మళ్ళీ మళ్ళీ ఒకటే మంత్రం ఎదురవుతుంది. టోకెన్ ఒకటి పుట్టించు, దాన్ని రిపో చిరునామాలో ఇరికించు, గిట్ క్లోన్ కొట్టు, అంతే! కోడ్ వచ్చేస్తుంది, అందరూ హ్యాపీ.

పనిచేస్తుంది, నేను కాదనను. చెవి గుమ్మానికే వేలాడుతున్నా తాళం తెరుచుకుంటుంది. మరి అసలు తాళం ఎందుకు వేసినట్టు అన్నదే నా గోల.

నోట్‌బుక్ అంటే ఏమిటో ఈ గురువులు ఒక్కసారైనా చెబుతారా? కోల్యాబ్ మనకిచ్చే యంత్రం తాత్కాలికం. కాసేపు పట్టించుకోకపోతే పోతుంది, దాంతోపాటు దించుకున్న కోడూ పోతుంది. పోనిదల్లా నోట్‌బుక్కే. అది మన గూగుల్ డ్రైవ్‌లో ఒక మామూలు ఫైలు. సెల్లులో టైపు చేసిన ప్రతి అక్షరం, కింద వచ్చిన అవుట్‌పుట్‌తో సహా అందులో ఉంటుంది. అంటే దాచుకోవాల్సిన కోడ్ పోతుంది, దాచకూడని టోకెన్ మిగుల్తుంది! ఆ సెల్లు చెరిపేశాం కదా అంటారా? రివిజన్ హిస్టరీలో పాత ప్రతి ఉండొచ్చు. "ఒరేయ్, ఈ మోడల్ ఎందుకు ట్రెయిన్ అవట్లేదో కాస్త చూడరా" అని లింకు స్నేహితుడికి పంపామా, చెవి కూడా పంపినట్టే.

ఇంకో సంగతి. చిరునామాలో టోకెన్ పెట్టి క్లోన్ చేస్తే, గిట్ ఆ చిరునామాని యథాతథంగా తన కాన్ఫిగ్ ఫైల్లో రాసిపెట్టుకుంటుంది. కోడ్ పోకూడదని చాలామంది డ్రైవ్ ఫోల్డర్లోకే క్లోన్ చేస్తారు. ఇక ఆ టోకెన్ అక్కడ కూడా పడి ఉంటుంది. ఫోల్డర్ ఎవరితో పంచుకుంటే వాళ్ళకి ఉచితం.

ఈ చెవి ఎన్ని గదులు తెరుస్తుందో కూడా చూడండి. గిట్ పనులకి అకౌంటు పాస్‌వర్డు వాడటాన్ని గిట్‌హబ్ 2021 ఆగస్టు 13న ఆపేసింది. మంచి పనే. కానీ పాఠాలు చెప్పేవాళ్ళు ఏం చేశారు? క్లాసిక్ టోకెన్ తీసుకుని, 'రిపో' అన్న గడిలో టిక్కు పెట్టమన్నారు. ఆ ఒక్క టిక్కుతో మీ అకౌంటుకి అందే ప్రైవేటు రిపోలన్నీ చదవొచ్చు, రాయొచ్చు కూడా. అదే అకౌంటుతో ఆఫీసు కోడ్ చూస్తుంటే, ఆఫీసు వాళ్ళు ప్రత్యేకంగా అడ్డు పెట్టకపోతే అదీ అంతే. ఒక్క రిపో చదవడానికి ఊరందరి ఇళ్ళ తాళాలూ ఎందుకండీ?

"ఎవడు చూస్తాడులెద్దూ" అనేవాళ్ళకి రెండు ఉదాహరణలు. 2016లో ఉబర్ ఇంజనీర్ల ప్రైవేటు గిట్‌హబ్ రిపోలోకి ఎవరో దూరారు. అక్కడ అమెజాన్ క్లౌడ్ తాళంచెవి దొరికింది. 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు బయటికెళ్ళాయి. టొయోటా వాళ్ళ కోడ్‌లో కొంత, సర్వర్ తాళంచెవితో సహా, 2017 డిసెంబరు నుంచి 2022 సెప్టెంబరు దాకా గిట్‌హబ్‌లో బహిరంగంగా పడి ఉంది. 2,96,019 మంది ఈమెయిళ్ళు బయటపడి ఉండొచ్చని వాళ్ళే ప్రకటించారు. ఇవి నోట్‌బుక్కుల కథలు కావు, నిజమే. కానీ కోడ్ పక్కనే తాళంచెవి పెట్టే అలవాటు మాత్రం అదే.

ఉద్యోగాల కోసం కుర్రాళ్ళు పంపే నోట్‌బుక్కులు నేను చూస్తుంటాను. బతికున్న టోకెన్లు కనబడుతూనే ఉంటాయి. ఒకతని టోకెన్ అతను అప్పుడు పనిచేస్తున్న కంపెనీ అకౌంటుది. ముందు దాన్ని రద్దు చేసుకో బాబూ, ఇంటర్వ్యూ సంగతి తర్వాత, అన్నాను. "వీడియోలో అలాగే చెప్పారు సార్" అన్నాడు. జీపీయూ కొనలేక కోల్యాబ్‌కి వచ్చిన కుర్రాడిని ఏమనగలం? ఉద్యోగం ఊడితే వాడిది, వ్యూస్ గురువుగారివి.

మొదలుపెట్టేవాళ్ళని కంగారుపెట్టకూడదట! సరైన దారి అంత కష్టమా? ఫైన్‌గ్రెయిన్డ్ టోకెన్లు 2022లోనే వచ్చాయి. ఒక్క రిపో ఎంచుకోండి, కంటెంట్స్‌కి రీడ్ ఓన్లీ చాలు, వారం రోజుల గడువు పెట్టండి. 2023 నవంబరులో కోల్యాబ్ సీక్రెట్స్ తెచ్చింది, ఎడమపక్క తాళంచెవి బొమ్మ అదే. టోకెన్ అందులో పెడితే నోట్‌బుక్‌లో దాని పేరే ఉంటుంది, విలువ మీ అకౌంటులో ఉంటుంది. నోట్‌బుక్ ఎవరికి పంపినా విలువ వెళ్ళదు. అక్కణ్ణుంచి తీసి మళ్ళీ చిరునామాలో ఇరికిస్తే మాత్రం మొదటికొచ్చినట్టే. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి, గిట్ యాస్క్‌పాస్ ద్వారా అందించండి. చిరునామా శుభ్రంగా ఉంటుంది. అదీ వద్దంటే డిప్లాయ్ కీ ఉంది. అది ఒక్క రిపోకే, మీరు కావాలని టిక్కు పెడితే తప్ప రాయడానికి వీల్లేదు.

ఇంకో హెచ్చరిక. సీక్రెట్ వాడుకోనిచ్చిన నోట్‌బుక్‌లో నడిచే ఏ కోడైనా దాన్ని చదవగలదు. ఎవరో పంపిన నోట్‌బుక్ అనుమతి అడిగితే, చదవకుండా సరే అనకండి.

గిట్‌హబ్ చూసుకుంటుందిలే అని కూడా కూర్చోకండి. పబ్లిక్ రిపోల్లోకి పుష్ చేసే టోకెన్లని అది 2024 నుంచి మామూలుగానే అడ్డుకుంటోంది. డ్రైవ్ లింకు వాట్సాప్‌లో పంపితే దానికెలా తెలుస్తుంది? ఇప్పటికే టోకెన్ నోట్‌బుక్‌లో పెట్టినవాళ్ళు సెల్లు చెరుపుతూ కూర్చోకుండా ముందు గిట్‌హబ్‌కెళ్ళి దాన్ని రద్దు చేయండి. మిగతా శుభ్రం తర్వాత.

ఇక పాఠాలు చెప్పే మహానుభావులకి ఒక్క మనవి. మీ పాత వీడియో తీసెయ్యక్కర్లేదు. టోకెన్ చిరునామాలో పెట్టొద్దని కింద ఒక్క ముక్క రాయండి. ఇవాళే రాయండి, ఈ పూట కూడా ఎవరో ఒకరు దాన్ని చూసి అలాగే చేస్తుంటారు.