అపరాధి యొకడు, శిక్ష యూరికా?

ఆసిఫాబాదు జిల్లాలోని జైనూరు మహాపట్టణమేమియు గాదు. చుట్టుపట్ల గూడెముల నుండి గోండులు, కొలాములు ఉప్పునకు, బట్టకు, విత్తనములకు, మందులకు దిగివచ్చు అంగడి యూరు. అమ్మువారిలో హిందువులు గలరు, ముసల్మానులు గలరు. కొనువాడు లేనిదే అమ్మువానికి పూట గడవదు. అమ్మువాడు లేనిదే కొనువాని యింట పొయ్యి రాజదు. అట్టి యూరు 2024 సెప్టెంబరు 4వ తేదీన మతద్వేషపు మంటలలో చిక్కుకొనెను. ఆ మంటలు చల్లారినవి. కాని యా మంటలను రగిల్చిన బుద్ధి చల్లారినదని నమ్ముటకు మాకు ధైర్యము చాలకున్నది. కావుననే యీ విషయమును మరల పాఠకుల యెదుట నుంచుచున్నాము.

జరిగిన దేమి? ఆగస్టు 31వ తేదీన ఆటోలో ప్రయాణించుచున్న యొక ఆదివాసి స్త్రీపై ఆటో నడుపువాడు అత్యాచారమునకు యత్నించెననియు, ఆమె ప్రతిఘటింపగా ప్రాణము మీదికి వచ్చునట్లు కొట్టెననియు అభియోగము. మొదట దానిని రోడ్డు ప్రమాదమని తలచిరి. ఆమెకు తెలివి వచ్చి నిజము చెప్పిన పిమ్మట పోలీసువారు అత్యాచారయత్నము, హత్యాయత్నములతో పాటు షెడ్యూల్డు కులములపై, తెగలపై జరుగు అత్యాచారముల నిరోధక చట్టము క్రింద గూడ కేసు పెట్టి నిందితుని నిర్బంధించిరి. ఇంతటి ఘోరము విని రక్తము మరగనివాడు మనుష్యుడు గాడు. ఆదివాసి సంఘములు బందు ప్రకటించుటలో మాకు తప్పేమియు గనబడదు. అన్యాయమునకు గురియైనవారు వీధికెక్కి న్యాయ మడుగుట వారి హక్కు.

కాని యా దినమున ఊరేగింపు గుంపైనది, గుంపు మూకయైనది. నిందితుని మతమువారి దుకాణములకు నిప్పు పెట్టిరి. వారి ప్రార్థనాలయముపై బడిరి. అంతట ఆ మతమువారిలో గొందఱు ఎదురుదాడికి దిగిరి. ప్రభుత్వము నిషేధాజ్ఞలు విధించెను, ఇంటర్నెట్టును నిలిపివేసెను, సాయుధబలములను దింపెను. సంతలో బేరమాడుకొనువారు ఒకరి మొగ మొకరు చూచుటకు జంకు దినములు వచ్చెను.

మేమొక ప్రశ్న యడిగెదము. ఆ మంటలవలన ఆస్పత్రి మంచముపై నున్న ఆ స్త్రీకి గలిగిన మేలేమి? ఆమె గాయ మొక యంగుళమైన మానెనా? ఆమె కేసున కొక సాక్షి యైన నధికముగా దొరకెనా? అంతవరకు దేశము ఆమె గతియేమని యడిగెను. ఆ మీదట ఎన్ని దుకాణములు కాలినవి, ఎవరు ముందు రాయి విసిరిరి, ఏ నాయకుని నే యూరి పొలిమేరలో నాపివేసిరి యని యడుగజొచ్చెను. ఒక యాడుబిడ్డ మొఱ బూడిద క్రింద బడిపోయెను. ఆమె పేర రగిల్చిన నిప్పు ఆమె కథనే ముందుగా కాల్చివేసెను. ఇది మతావేశము ఆమెకు చేసిన రెండవ యపకారము.

మతావేశమున కొక వింత గణితము గలదు. మనలో నొకడు పాపము చేసిన వాడొక్కడే పాపి. వారిలో నొకడు చేసిన వారందఱును పాపులే. మన దొంగ దొంగ మాత్రమే; వారి దొంగ వారి మతమునకు ప్రతినిధి! ఈ గణితము హిందువునకు నొకటే, ముసల్మానునకు నొకటే. కాలిన కొట్టు యజమాని ఆ యాటో నెక్కలేదు, నడుపలేదు, ఆ ఘోరమును చూడలేదు. ఎదుటివారి రాతిదెబ్బ తిన్న గోండు యువకుడు అగ్గిపుల్ల గీచినవాడే యని యెవరు చెప్పగలరు? ఐనను ఒకనిని వాని టోపీ పట్టియిచ్చెను. ఇంకొకనిని వాని బొట్టు పట్టియిచ్చెను. న్యాయస్థానమున సాక్ష్యము గావలయును. మూకకు వేషము చాలును.

ఈ గణితము మన గడ్డకు క్రొత్త గాదు. ఆ జిల్లా నేడు ధరించిన పేరు కుమ్రం భీమునిది. అడవిలో దున్నుకొన్న నేల తమదేయని నిలిచిన ఆ వీరుడు 1940లో జోడేఘాటున నిజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. అదే 1940లో, ఆసిఫాబాదునకు బహుదూరమున, జనగామ ప్రాంతపు కామారెడ్డిగూడెములో షేక్ బందగీ యను ముసల్మాను రైతు తన భూమి కొఱకు కోర్టుకెక్కి పోరాడి, విసునూరు దేశముఖు మనుషులచేత హతుడయ్యెను. గోండును జంపిన ప్రభుత్వపు టధిపతి ముసల్మాను. ముసల్మాను రైతును పొట్టనబెట్టుకొన్న దేశముఖు హిందువు. మతపు గజముతో గొలిచిన ఈ రెండు చావులలో నొకటి మనపగకు, రెండవది వారిపగకు పనికివచ్చును. భూమి గజముతో గొలిచిన రెండును నొక్క చావే. దున్నువాని నేలపై దున్ననివాని కన్ను పడుటయే యా రెంటికిని మూలము.

ఈ సత్యమును మఱచుట యెంత సులభమో 2020లో మనమందఱము చూచితిమి. ఒక చలనచిత్రపు ప్రకటనలో భీముని పాత్ర ధరించినవాడు ముసల్మాను టోపీతో గనబడెనని రాష్ట్రమెల్ల రభస జరిగెను. సినిమాశాలలను తగులబెట్టుదుమను బెదరింపుల వరకు బోయెను. తమ వీరుని రూపమును వక్రించిరని ఆదివాసులు నొచ్చుకొనుట సహజమే. దానిని మేము తేలిక చేయము. కాని భీముడు దేనికై ప్రాణమిచ్చెనో యా భూమి నేడెవరి చేతులలో నున్నదని ఆ రభస చేసిన పెద్దలలో నెందఱడిగిరి? తలపైని టోపీని జూచినవారికి కాలిక్రింది నేల గనబడలేదు.

ఇక 1948 మాట. రజాకారుల యేలుబడిలో తెలంగాణ మనుభవించిన బాధలను వర్ణింప బనిలేదు; బైరాన్‌పల్లి యను నొక్కపేరు చాలును. ప్రతి ముసల్మానును రాజ్యాధికారమున భాగస్వామియే యని దరిద్రునిచేత గూడ నమ్మించిరి. పాలించుచున్నానని నమ్మిన యా దరిద్రుడు మాత్రము గుడిసెలోనే యుండెను. ఐతే ఆ మౌఢ్యమును ముసల్మానులలోనే యెదిరించినవా డుండెనని మఱువరాదు. 'ఇమ్రోజ్' పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాను హైదరాబాదు భారతదేశమున జేరవలెనని నిర్భయముగా వ్రాసి, ఆ కారణముననే 1948 ఆగస్టున నడివీధిలో దారుణముగా హత్య చేయబడెను. మతావేశము తన మొదటికత్తిని సాధారణముగా తనవారిలోని నిజము చెప్పువానిపైననే దూయును.

ఆ పిమ్మట నేమయ్యెను? సెప్టెంబరు 17వ తేదీన నిజాము లొంగిపోయెను. ప్రజలు ఊపిరి పీల్చుకొనిరి. కాని యనేక గ్రామములలో అదే గణితము తిరుగబడెను. రజాకారు చేసినదానికి రజాకారు గానివాడు బలియయ్యెను. నెహ్రూ పంపగా ఆ సంవత్సరాంతమున సంస్థానమున దిరిగి చూచిన పండిత సుందరలాలు బృందము, పోలీసుచర్య కాలమునను తదనంతరమును 27 వేలనుండి 40 వేల వరకు ప్రాణములు పోయెనని యంచనా వేసెను. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి దెబ్బతినెనని తెలిపెను. తమ ప్రాణములకు తెగించి ముసల్మాను పొరుగువారిని గాపాడిన హిందువులను గూడ ఆ బృందము పేర్కొనెను. ఆ నివేదిక దశాబ్దముల తరబడి బీరువాలో నుండిపోయెను. స్వాతంత్ర్యోద్యమమును గౌరవించు మేమీ మాటను సిగ్గుతో వ్రాయుచున్నాము. వ్రాయకుండుట యంతకంటె సిగ్గు. తనవారి తప్పును జెప్పలేని దేశభక్తి దేశభక్తి గాదు, ముఠాభక్తి.

నాందేడు సరిహద్దున నున్న భైంసా కూడ నాటి ఆదిలాబాదు జిల్లాలోనిదే. 2008 అక్టోబరున అచట దుర్గాదేవి ఊరేగింపు సందర్భమున కలహము చెలరేగెను. రెండు దినములైన పిమ్మట సమీపమున నున్న వటోలి గ్రామములో నొక ముసల్మాను కుటుంబమునకు చెందిన ఆర్గురు, పసిబిడ్డలతో సహా, ఇంటిలోననే సజీవదహనమైరి. ఊరేగింపులో రాయి విసిరినదా ఆ పసిబిడ్డలు? 2020లోను, 2021లోను భైంసా మరల రగిలెను. ప్రతిసారియు ఎవరు మొదలుపెట్టిరను విచారణయే తప్ప, ఎవరి బ్రతుకు చెడెనను విచారణ లేదు. రోజుకూలి, తోపుడుబండిపై కూరగాయలమ్ము ముదుసలి, పరీక్షకు బోవలసిన పిల్ల, కాన్పునకు ఆస్పత్రి చేరవలసిన తల్లి: కర్ఫ్యూ గంట మ్రోగినప్పుడు మొదట నిలిచిపోవునది వీరి జీవితము. ఉపన్యాసకుని జీవితము నిలువదు. అతడు మఱునాడు మఱియొక యూరికి బోవును.

మాపై రెండాక్షేపణలు వచ్చునని యెఱుగుదుము. మొదటిది: "మీరు మతమునే నిందించుచున్నారు" అని. కాదు. జైనూరు చుట్టునున్న గోండుల మతమునే చూడుడు. కేస్లాపూరు నాగోబా జాతర, కెరమెరి కొండలలోని జంగుబాయి యాత్ర, దీపావళి దినములలో నెమలిపురి కిరీటములతో నాడు గుస్సాడీ — వీనిలో పరులను ద్వేషించు మంత్ర మెచటనున్నది? తెలంగాణ పల్లెలలో పీరీలనెత్తి యాడినవారిలో హిందువు లెందఱు లేరు? దర్గాలో మ్రొక్కు చెల్లించిన తల్లి, గుడిలో కొబ్బరికాయ కొట్టుట మానుకొనెనా? మతము ప్రజలది, మౌఢ్యము దానిని అద్దెకు దీసికొనినవారిది.

రెండవది: "ఏజెన్సీలో బయటివారు చేరి ఆదివాసుల నేలను, వర్తకమును హరించినారు, ఆ బాధ మీకు దెలియదు" అని. తెలియును. తెలియుటచేతనే యింత గట్టిగా వ్రాయుచున్నాము. ఏజెన్సీ భూముల నిబంధన 1959లో బుట్టి, 1963లో తెలంగాణకు వచ్చి, 1970లో బిగింపబడినది. జనులు దానిని 1/70 చట్టమందురు. గిరిజనేతరుని చేతికి ఏజెన్సీ భూమి పోరాదని యా చట్టము చెప్పును. ఆ గిరిజనేతరుడు నమాజు చేయునా, సంధ్యవార్చునా యని యది యడుగదు. కబళించినవారిలో అన్ని మతములవారు నున్నారు. భూమి కొఱకు 1981 ఏప్రిలు 20న ఇంద్రవెల్లిలో గుమిగూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరుపగా, ప్రభుత్వపు లెక్క ప్రకారమే 13 మంది చనిపోయిరి. ఆ దినమున వారు కోరినది పట్టాలు. ఒకని గుడి గాదు, ఇంకొకని మసీదు గాదు. నేడు ఆ భూమిపోరును మతపోరుగా మార్చినచో సంతోషించువా డెవడు? ఆదివాసి పొలమును కాజేసిన స్వమతస్థుడు! మూక పొరుగు దుకాణమును గాల్చుచుండగా వాడు నిశ్చింతగా కాగితములు సవరించుకొనును.

కావున మేము కోరున దిది. ఆ స్త్రీ కేసు తుదివఱకు, ఎవరి యొత్తిడికిని లొంగక, నడువవలయును. నేరము ఋజువైనచో అపరాధికి చట్టములోని కఠినశిక్ష పడవలయును. ఇండ్లు, దుకాణములు గాల్చినవారు, రాళ్లు రువ్వినవారు నే పక్షమువారైనను అదే చట్టమునకు దలయొగ్గవలయును. నష్టపోయినవారికి పరిహార మీయవలయును. ఏజెన్సీ భూచట్టమును ప్రభుత్వము కాగితముపై గాక నేలపై నమలు జరుపవలయును. న్యాయము నెమ్మదిగా నడచుచోటనే మతోన్మాది వడిగా నడచును.

అన్నిటికంటె ముఖ్యమైనది రాయపతులకు గాక మా పాఠకులకు జెప్పవలసినది. ముసల్మాను పెద్దలారా! మీలో నొకడు ఆదివాసి స్త్రీపై చేయిచేసికొనెనని విన్నప్పుడు మొదటి ఖండన మీ నోటనుండి రావలయును. హిందూ, ఆదివాసి పెద్దలారా! పరుని దుకాణమునకు నిప్పు పెట్టుటకు మీ కుఱ్ఱవాడు బయలుదేరినప్పుడు మొదట అడ్డుపడవలసిన చేయి మీది. పట్టణములలో చదువుకొన్న యువకులారా! మీ చేతిలోని ఫోనునకు వచ్చిన ప్రతి బొమ్మను, ప్రతి కేకను తక్షణమే పదుగురికి బంపునప్పుడు మీరు వార్త బంపుచున్నారో, అగ్గిపుల్ల బంపుచున్నారో యొకసారి యోచింపుడు.

ఆ జైనూరు మండలములోనిదే మర్లవాయి. 1940 దశకమున హైమన్‌డార్ఫ్ పండితుడు అచట వసించి, గోండు పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పు నుపాధ్యాయులను దయారుచేయించెను. ఎచటివాడో, ఏ మతమువాడో యని గోండులు లెక్కింపలేదు. తమకు మేలు దలపెట్టినవాడని తమలో నొకనిగా జూచుకొనిరి. చదువురాని పెద్దలు చూపిన యా వివేకమును చదువుకొన్న మనము పోగొట్టుకొందుమా? మనుష్యుని వాని పనినిబట్టి కొలుచుట ఆ గడ్డకు దెలిసిన విద్యయే. దానిని మరల నేర్చికొనుడని మా మనవి.