గోదాము కప్పుపై సౌరఫలకాలు: అద్దె పత్రమే అసలు చిక్కు

గొలుగొండ మండలంలో జీడిపిక్కలో ధాన్యమో నిల్వచేసే గోదాము అద్దెదైతే, కప్పుపై సౌరఫలకాలు బిగించే ముందు ఒప్పందం చూడాలి. ఫలకం ఆయుష్షు సుమారు 25 ఏళ్లు. చేతిలో ఉన్నదేమో 11 నెలల కాగితం! ఆంధ్రప్రదేశ్‌లో ఎంత కాలపు లీజునైనా రిజిస్టరు చేయించాలని 1908 రిజిస్ట్రేషను చట్టం 17వ సెక్షను నిర్దేశిస్తోంది. వేరే షరతు లేనప్పుడు, అద్దెదారు తాను బిగించినవాటిని ఖాళీ చేసేలోగా విప్పుకోవచ్చు. కట్టడాన్ని మాత్రం యథాస్థితిలో అప్పగించాలి. ఇది 1882 ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను మాట. మరి రేకులకు పడిన రంధ్రాలు, కారి తడిసిన బస్తాలు ఎవరి ఖాతాలోకి? పీఎం సూర్యఘర్ రాయితీ గృహాలకే పరిమితమని వివరించే విస్తరణ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్ననూ లేవనెత్తాలి. విద్యుత్ కనెక్షను ఎవరి పేరున ఉందో, మిగులు యూనిట్ల జమ ఎవరికి చెందుతుందో నెట్ మీటరు దరఖాస్తుకు ముందే యజమాని, అద్దెదారు రాసుకోవడం ఉచితం.