ఇంటి కార్ఖానా: మూడు మైకులు, ఒక అవ్వ గొంతు



పాత వాల్వు రేడియోల మరమ్మతు గురించి గత సంచికలో రాశాక ఉత్తరాలు బాగానే వచ్చాయి. వాటిలో ములుండ్ నుంచి ఒక సోదరి రెండు ప్రశ్నలు అడిగారు. వాల్వు మైకును ఇంట్లో తయారు చేసుకోవచ్చా? చేసుకుంటే అది పెద్ద స్టూడియోల్లో వాడిన అసలు మైకులా పలుకుతుందా? మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. చేసుకోవచ్చు. మేం నాగ్‌పాడాలో మూడు చేశాం. రెండో ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో తేలేది కాదు గనుక ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

ముందు ఎందుకు చేశామో చెప్పాలి. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ బొంబాయిని కట్టిన మన కామాఠీ కూలీల పేరే కామాఠీపురాకు పెట్టారని మీకందరికీ తెలుసు. మా చాల్‌లో ఎనభై దాటిన ఒక అవ్వ ఉంది. బతుకమ్మ పాటలు, పెళ్ళి పాటలు, అప్పగింతల పాటలు ఆమెకు వరసగా వస్తాయి. ఏ పుస్తకం చూసీ నేర్చుకున్నవి కావు, తల్లి నోటి నుంచి వచ్చినవి. మాట తెలంగాణది, మధ్యమధ్య మరాఠీ పలుకులు దొర్లుతుంటాయి. ఒకప్పుడు ఆమెతో వంత పాడే ఆడవాళ్ళు గది నిండా ఉండేవారు. ఇప్పుడు ఇద్దరే మిగిలారు. చాళ్ళు కూల్చి కొత్త భవనాలు కడతారన్న మాట చాలాకాలంగా నడుస్తోంది. ఈలోపే కొందరు భివండి, కొందరు కల్యాణ్, కొందరు నవీ ముంబై వెళ్ళిపోయారు. అవ్వ మనవరాలికి ఆ పాటలు నేర్చుకోవాలని కోరిక. సెల్‌ఫోనులో రికార్డు చేసి చూసింది. రాగం తెలిసింది గాని మాటల చివర్లు ఫ్యాను మోతలో కలిసిపోయాయి. ఆ చివర్ల కోసమే మా ప్రయత్నమంతా.

ఇక మైకు సంగతి. మనం మాట్లాడుకుంటున్నది కండెన్సర్ మైకు. దాన్ని 1916లో అమెరికాలో ఇ.సి. వెంటె తయారు చేశాడు. సూత్రం మద్దెలను పోలి ఉంటుంది. చర్మం బదులు బంగారు పూత పూసిన ప్లాస్టిక్ పొర, దాని వెనక వెంట్రుకవాసి ఖాళీలో ఒక ఇత్తడి పలక. పొర మందం ఆరు మైక్రాన్లు ఉంటుంది. మన తలవెంట్రుకే అంతకు పది రెట్లు లావు! పొరకూ పలకకూ మధ్య అరవై వోల్టుల ప్రాంతంలో కరెంటు ఒత్తిడి పెడతారు. గొంతు తగిలి పొర కదిలితే ఆ ఒత్తిడిలో చిన్న అల లేస్తుంది. ఆ అల ఎంత బలహీనమైనదంటే గజం తీగ కూడా దాటలేదు. అందుకని పొర పక్కనే ఒక వాల్వు పెట్టి దానికి బలమిస్తారు. ఆ తర్వాత ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పొడుగాటి తీగలో పోయేందుకు వీలుగా మారుస్తుంది. పొర ఉన్న బిళ్ళను క్యాప్సూల్ అంటారు. అంటే క్యాప్సూల్, వాల్వు, ట్రాన్స్‌ఫార్మర్ - ఈ మూడే మైకు. మిగతాది డబ్బా.

పేరున్న పాత మైకుల్లో మూడింటిని అందరూ అనుకరిస్తుంటారు. బెర్లిన్‌లో 1928లో మొదలైన నాయ్‌మన్ కంపెనీ 1949లో తెచ్చిన యు-47 మొదటిది. లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో బీటిల్స్ గొంతులు పట్టింది అదే. వియన్నాలోని ఎ.కె.జి. కంపెనీ 1953లో తెచ్చిన సి-12 రెండోది. నాయ్‌మన్ వారే 1960లో తెచ్చిన యు-67 మూడోది. ఇవాళ మంచి స్థితిలో ఉన్న అసలు యు-47 కొనాలంటే లక్షల రూపాయలు కావాలి. పైగా అందులోని వి.ఎఫ్. 14 వాల్వు తయారీ 1950ల చివరికే ఆగిపోయింది. అందుకే ప్రపంచమంతటా చేతిపని తెలిసినవాళ్ళు నకళ్ళు చేసుకుంటున్నారు.

మాకు సామాను కోసం దూరం పోయే పని పడలేదు. చోర్‌బజార్ మటన్ స్ట్రీట్‌లో పాత రేడియోలు, టేప్ రికార్డర్లు విప్పి అమ్మేవాళ్ళ దగ్గర ఇ.ఎఫ్. 86 వాల్వులు దొరికాయి. యు-67లో ఉన్నది ఆ వాల్వే. వి.ఎఫ్. 14 బదులు పాత టీవీల్లో ఉండే ఇ.ఎఫ్. 80 వాడాం. సి-12లో ఉండే 6072 రకం వాల్వు మాత్రం తెప్పించుకోవలసి వచ్చింది. రెసిస్టర్లు, కెపాసిటర్లు లామింగ్టన్ రోడ్డులో కొన్నాం. క్యాప్సూళ్ళు చైనాలో చేసినవి. ట్రాన్స్‌ఫార్మర్లు మా తమ్ముడి కొడుకు చేత్తో చుట్టాడు. ఇత్తడి గొట్టాలు తాంబాకాంటా బజారులో కోయించాం. మైకు తలకు చుట్టిన జాలీ ఏమిటని అడుగుతారేమో, పిండి జల్లెడది!

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ మైకులకు నూరు వోల్టుల పైచిలుకు డి.సి. కరెంటు వేరే పెట్టె నుంచి వస్తుంది. స్విచ్చి ఆపినా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది. వాల్వు సెట్లు విప్పిన అనుభవం లేనివాళ్ళు తెలిసినవారిని పక్కన పెట్టుకోకుండా చెయ్యి పెట్టవద్దు. పిల్లలను అసలే దగ్గరికి రానివ్వవద్దు.

మన ముంబైలో ఇంకో శత్రువు ఉంది. వానాకాలపు తేమ. క్యాప్సూల్ నుంచి వాల్వుకు వెళ్ళే చోట వంద మెగోములు, అంతకు మించిన రెసిస్టర్లు ఉంటాయి. వేలిముద్ర పడ్డా, చెమ్మ పట్టినా ఆ కొద్ది అల దారి తప్పి కారిపోతుంది. మైకులోంచి పేలాలు వేగినట్టు చిటపటలు వస్తాయి. సీమలో రాసిన పుస్తకాల్లో ఈ సంగతి ఒక వాక్యంలో తేల్చేస్తారు. ఇక్కడ ఆషాఢ శ్రావణాల్లో అదే పెద్ద కథ. ఆ భాగాన్ని మేం టెఫ్లాన్ బిళ్ళల మీద నిలబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్ళీ చేత్తో తాకలేదు. మైకులను స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచాం. రికార్డింగు మాత్రం చలికాలానికే ఉంచుకున్నాం.

పోల్చి చూడడం చేయడం కంటే కష్టమైన పని. ఒకే పాటను మూడుసార్లు పాడిస్తే మూడుసార్లూ ఒకేలా రాదు. అందుకని మూడు మైకుల తలలను దగ్గర దగ్గరగా కట్టి, అవ్వ నోటికి జానెడున్నర దూరంలో పెట్టి, ఒకేసారి మూడు ట్రాకుల్లో ఎక్కించాం. తర్వాత మూడింటి మోతాదునూ అర డెసిబెల్ తేడా లేకుండా సమానం చేశాం. ఇది తప్పనిసరి. కొంచెం గట్టిగా వినిపించేదే మంచిదని మన చెవి నమ్మేస్తుంది. ఆపైన పేర్లు తీసేసి ఒకటి, రెండు, మూడు అని రాసి పెట్టాం.

గోడలకు బొంతలు కట్టాం. ఫ్యాను ఆపాం. వేళ అర్ధరాత్రి దాటాక, ముంబై సెంట్రల్ వైపు లోకల్ రైళ్ళు ఆగిన తర్వాత. ఈ ఉపాయం మాది కాదు. ఇక్కడికి నడిచిపోయే దూరంలో, కెన్నెడీ బ్రిడ్జి దగ్గర ఒకప్పుడు ఇంపీరియల్ స్టూడియో ఉండేది. 1931 మార్చి 14న విడుదలైన 'ఆలమ్ ఆరా'ను అర్దేషిర్ ఇరానీ తీసింది అక్కడే. పక్కనున్న రైలు పట్టాల మోత పడలేక వాళ్ళు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక షూటింగు చేసేవారు. మైకులను కెమెరాకు కనబడకుండా దాచేవారు. హెచ్.ఎం. రెడ్డిగారి మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా అక్కడే తయారై 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. సురభి కమలాబాయి పాటలు ఎక్కింది కూడా ఈ చుట్టుపక్కలే. అంటే తెలుగు గొంతు సినిమా మైకు ముందు మొదట నిలబడింది మన పేటకు దగ్గర్లోనే!

అవ్వకు ఎలాగూ రాత్రిపూట నిద్ర పట్టదు. మైకులు చూసి, "గింత పెద్ద డబ్బాలెందుకు బిడ్డా, నా గొంతేమన్న పారిపోతదా?" అంది. మూడు పాటలు పాడింది. వంత ఇద్దరూ పాడారు.

మర్నాడు చాల్‌లో పన్నెండుమందిని కూర్చోబెట్టి వినిపించాం. ఎక్కువమంది ఒకటో నంబరుకే ఓటు వేశారు. అది యు-47 నకలు. గొంతు నిండుగా, వయసు పదేళ్ళు తగ్గినట్టు వచ్చింది. రెండో నంబరు సి-12 నకలు. అందులో తాళాలు, గాజుల చప్పుడు చెవిలో గుచ్చుకున్నాయి. సి-12 క్యాప్సూల్ చేయడం చాలా కష్టం. పైకి అదే ఆకారంలో వచ్చే చవక క్యాప్సూళ్ళు ఆ పలుకు ఇవ్వవు. మూడోది యు-67 నకలు. ఏ సింగారమూ లేకుండా సాదాగా ఉంది.

ఈ మూడోదాని గురించి చేసుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. యు-67 క్యాప్సూల్ సన్నని స్వరాలను సహజంగానే ఎక్కువ చేసి ఇస్తుంది. ఆ ఎక్కువను తగ్గించే ఏర్పాటు అసలు మైకు సర్క్యూట్‌లోనే ఉంది. చవక నకళ్ళు చాలావాటిలో క్యాప్సూల్‌ను అనుకరించి ఆ ఏర్పాటును వదిలేస్తారు. అందుకే అవి కీచుమంటాయి. మేం దాన్ని ఉంచాం.

ఇంకో పరీక్ష కూడా చేశాం. ఒకే మైకులో వాల్వులు మార్చి విన్నాం. తేడా ఉంది గాని చెవి రిక్కిస్తేనే తెలుస్తుంది. క్యాప్సూళ్ళు మార్చి వింటే వేరే మనిషి పాడినట్టుంది. అందరూ వాల్వు పేరే జపిస్తారు గాని మా అనుభవంలో డబ్బు పెట్టవలసింది మొదట క్యాప్సూల్ మీద, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ మీద.

ఓట్లు అయిపోయాక అవ్వకు వినిపించాం. ఒకటో నంబరు విని నవ్వింది. "గిది రేడియోల పాడే ఆమె గొంతు. మంచిగున్నది. నాది గాదు," అంది. మూడోది మొదలయ్యేసరికి నవ్వు ఆపి, పాట అయ్యేదాకా కదలకుండా విన్నది. "గిది నేను. గిట్లనే మా అమ్మ," అంది. మనవరాలు పక్కనే కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంది. ఒకటో నంబరులో ఆమెకు అందని మాటలు మూడోదాంట్లో అందాయి. ఒక మాట దగ్గర అవ్వ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. పాటలో విరుపు ఎక్కడో దాన్నిబట్టే ఆ పిల్లకు తెలిసింది.

మిగతా పాటలన్నీ మూడోదానితోనే ఎక్కించాం. యు-47 నకలు వృథా పోలేదు. భజన మండలిలో హార్మోనియం వాయిస్తూ పాడే పెద్దాయన గొంతు సన్నం. ఆయనకు అది దేవుడిచ్చిన వరంలా కుదిరింది.

కాబట్టి ములుండ్ సోదరికి నా జవాబు ఇది. అసలు యు-47 నా చేతికి ఏనాడూ రాలేదు. అసలుతో పోల్చి చెప్పే హక్కు నాకు లేదు. పైగా అరవై, డెబ్బై ఏళ్ళు దాటిన అసలు మైకులు రెండు తెచ్చినా అవి రెండూ ఒకేలా పలకవు. కాలంతో పొరలు, వాల్వులు మారిపోతాయి. నకలును ఎవరి గొంతు కోసం చేస్తున్నారో ఆ గొంతుతోనే పరీక్షించండి. ఆ గొంతును చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళను తీర్పు అడగండి. పేరు చూసి ఓటు వేయవద్దు.

మైకు తయారయ్యేదాకా ఆగనూ వద్దు. మా మూడింటికీ కలిపి ఏడాది పైన పట్టింది. ఆ ఏడాదిలోనే వంత పాడేవాళ్ళలో ఒకామె కల్యాణ్ వెళ్ళిపోయింది. రికార్డింగు రాత్రికి ఆమెను బతిమాలి తీసుకొచ్చాం. మీ ఇంట్లో అవ్వ, తాత ఉంటే ఈ వారమే ఫోను పట్టుకోండి. ఫ్యాను ఆపండి, కిటికీకి బొంత కట్టండి, ఫోనును నోటికి జానెడున్నర దూరంలో దిండు మీద పెట్టండి. సగం పని అయినట్టే. మిగతా సగానికి వాల్వు మైకు కావాలంటే తాపీగా చేసుకోవచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే పద్ధతి, ఎన్ని చుట్లు, ఏ మందం తీగ అన్నది వచ్చే సంచికలో బొమ్మలతో వివరిస్తాను. ఈలోగా మీ ఇళ్ళలో ఏయే పాటలున్నాయో, ఎవరి నోట ఉన్నాయో రాసి పంపండి. అవ్వ మనవరాలు ఒక నోటుపుస్తకం మొదలుపెట్టింది. అందులో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉన్నాయి.