చల్లటి ఇంజిను చూపించరెందుకు?

పాత కార్లు అమ్మేవాళ్లు చేసే ఒక పని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొనేవాడు వచ్చేసరికే బండి స్టార్ట్ చేసి, ఇంజిను వేడెక్కించి ఉంచుతారు. మా వీధి టైలరు లక్షా పాతిక వేలకి ఓ పాత ఆల్టో బేరం పెట్టుకుని, ఈ వారం నన్ను తోడు తీసుకెళ్లాడు. పొద్దున ఏడింటికే వెళ్లాం. బానెట్ మీద చెయ్యి పెడితే కాలింది. "ఇప్పుడే వాటర్ సర్వీసింగ్ చేయించుకొచ్చా సార్" అన్నాడు డీలరు.

రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేస్తే దాని రోగాలు చాలావరకు బయటపడతాయి. నీలం పొగ వదిలితే ఆయిల్ తాగుతున్నట్టు. తెల్ల పొగ ఎంతకీ ఆగకపోతే కూలెంట్ సిలిండర్లలోకి దిగుతున్నట్టు. ఆయిల్ మూత విప్పినప్పుడు పాలు ఎక్కువైన కాఫీలా జిగురు కనబడిందా, ఇక ఆ బండి జోలికే పోకూడదు. వేడెక్కాక బ్యాటరీ నీరసం తెలియదు, ఇంజిను టకటకలూ సద్దుమణుగుతాయి. అందుకే కదా ముందే వేడి చేసేది!

ఇక ట్రయల్ అంటే వీధి చివరిదాకా సెకండ్ గేర్లో వెళ్లి రావడమే. "మెయిన్ రోడ్డెక్కితే పోలీసులతో గొడవ" అంటారు. పచ్చి అబద్ధం. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, బండి బయటికి తీసిన ప్రతిసారీ రాసిపెట్టాలి. కొనేవాళ్లకు ట్రయల్ ఇవ్వడానికి ఆ నిబంధనల్లోనే వీలుంది. ఫ్లైఓవర్ ఎక్కించి, టాప్ గేర్లో తొక్కి చూడాలి. ఇంజిను అరుస్తున్నా వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే. మాకు ఆ అవకాశమే ఇవ్వలేదు. మీటరు మాత్రం 41 వేల కిలోమీటర్లే అంటోంది. బ్రేకు పెడల్ రబ్బరు చూస్తే గీతలన్నీ అరిగి నున్నగా ఉంది; అంత తక్కువ తిరిగిన బండిలా లేదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేవి మునిగిన కార్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అలా మునిగిన బండ్లు బీమాలో టోటల్ లాస్ కింద తుక్కు రేటుకు చేతులు మారి, కొత్త సీటు కవర్లేసుకుని, సెంటు కొట్టించుకుని మళ్లీ అమ్మకానికి వస్తుంటాయి. ఆర్‌సీలో ఆ ముక్క ఎక్కడా ఉండదు. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమో, సీటు బోల్టులు తుప్పు పట్టాయేమో కొనేవాడే టార్చి వేసుకుని వెతుక్కోవాలి. క్లెయిము చెల్లించిన బీమా కంపెనీకి తెలిసిన సంగతి వాహన్ పోర్టల్లో ఎందుకు పెట్టరు?

ఆ ఆల్టో వద్దన్నాను. కానీ ఆ టైలరుకి కారు కొనాల్సిన గతి ఎందుకు పట్టింది? వాళ్ల నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. వైద్యం ప్రభుత్వ పథకంలో ఉచితంగానే జరుగుతోంది. నాలుగు గంటలు మిషను మీద ఉండి లేచిన పెద్దాయన సిటీ బస్సు మెట్టు ఎక్కలేడు, ఎక్కినా నిలబడలేడు. ఆటోలకు పోసీ పోసీ, ఇప్పుడు అప్పు చేసి కారు వెతుక్కుంటున్నారు. బాలింతలను ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండ్లు పెట్టిన ప్రభుత్వం డయాలసిస్ రోగులకు ఎందుకు పెట్టదు? ఎవరు ఏ రోజు, ఏ షిఫ్టుకి రావాలో ప్రతి కేంద్రంలోనూ ముందే రాసి ఉంటుంది.